సున్నా నంబరు నలుపు

నంద్యాలలో చచ్చిపోయినవాళ్ళంతా తెల్లగా ఉంటారు. నమ్మకపోతే శ్రీనివాస సెంటర్‌లో ఓ పది నిమిషాలు నిలబడి, కరెంటు స్తంభాలకు కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు చూడండి. జీవితమంతా ఎండలో శనగచెట్టు పీకినవాడు, ఆటో తోలినవాడు, మిల్లులో బస్తాలు మోసినవాడు, అందరూ పోయిన మూడో రోజుకల్లా మీగడ రంగులోకి వచ్చేస్తారు. ఆ రంగు పూసేది నేనే. పన్నెండేళ్ళుగా ఇదే నా కూడు.

నా పేరు లూదియా. నూనెపల్లెలో ఉమాశంకర్ అన్న డిజైనింగ్ షాపులో పని చేస్తాను. ముందు వైపు ఫ్లెక్సీ మిషను రోజంతా గీపెడుతూ ఉంటుంది. వెనక గదిలో నేనూ, నా కంప్యూటరూ, బుద్ధి పుడితే తిరిగే ఒక ఫ్యానూ ఉంటాం. ఉమాశంకర్ అన్న మంచివాడే. కస్టమరు ఏది అడిగినా 'అట్లనే సార్' అని, వెనక్కి తిరిగి నా వైపు చూడడమే ఆయనకు తెలిసిన వ్యాపారం.

మా దగ్గరికి వచ్చే ఫోటోలు చూస్తే మీకూ కోపం వస్తుంది. ఆధార్ కార్డు మీది మసక బొమ్మ. పెండ్లి గుంపులో మూడో వరసలో సగం తల. దాన్ని చేతిలో పెట్టి తలుపంత చెయ్యమంటారు. ఫోటో అంటే చుక్కలు. పెద్దది చేసేకొద్దీ ఆ చుక్కలు విడిపోయి మనిషి మాయమైపోతాడు. అందుకని ఆ ఫోటోను అడుగున పరిచి, దాని మీద మొహాన్ని మొదటినుంచీ షేపులతో కట్టుకొస్తాను. పెన్ టూల్‌తో చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ ఒక నీడ చుట్టూ తిరిగొచ్చి, మొదలుపెట్టిన చుక్క దగ్గరే ముడి వేస్తే ఒక షేపు. దానికి ఒకే రంగు. దాని మీద కొంచెం తేలిక రంగుతో ఇంకోటి, దాని మీద ఇంకోటి. పెద్దవి కింద, చిన్నవి పైన. ఒక మొహానికి రెండు వందల యాభై షేపులు పడతాయి. కన్ను ఒక్కదానికే ముప్పై. ఈ పని చేసినవాళ్ళకు తెలుస్తుంది, మొహంలో అసలు గీతలే ఉండవు. ముక్కు అని మనం అనుకునేది ముక్కు పక్కన పడిన నీడ. అన్నీ సరిగ్గా పేర్చి అడుగున ఫోటో తీసేస్తే, మనిషి ఎదురుగా కూర్చుని మనల్ని చూస్తున్నట్టే ఉంటుంది. గోడంత చేసినా పగలదు.

ఇంత కష్టపడి నిజంలాగా చేసినాక, కస్టమరు స్క్రీను వైపు వంగి అనే మాట ఒకటే. "కొంచెం తెల్లగా చెయ్యి మ్మా." ఆ తర్వాత మచ్చ తీసెయ్, గడ్డం కింద ముడత తీసెయ్, మెడలో గొలుసు పెట్టు. ఒకసారి మహానందమ్మ అనే ముసలామె, నేను చేసిన తన భర్త బొమ్మను చూసి "ఈయన ఎవరు?" అంది. కొడుకులు నవ్వారు. "నాయనే మ్మా, బాగుండాడు గదా" అని ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. ఆ రోజు నేను కూడా నవ్వాను.

మా నాయన జకరయ్యది ఆళ్ళగడ్డలో రాతిపని. ఆళ్ళగడ్డ అనగానే దేవుళ్ళ విగ్రహాలు గుర్తొస్తాయి గానీ, నాయన దేవుళ్ళ జోలికి పోలేదు. నరసింహులు గారి శిల్పశాలలో పాలిష్ పట్టే కూలీగా చేరి, తర్వాత సమాధి రాళ్ళ మీద మొహాలు కొట్టడం నేర్చుకున్నాడు. నల్లరాయిని అద్దంలా పాలిష్ పట్టి, సూదిమొన ఉలితో చుక్కలు కొడతారు. సూది తగిలిన చోట రాయి తెల్లబడుతుంది. ఎంత దగ్గరగా కొడితే అంత తెలుపు. నలుపును ఎవరూ తయారు చెయ్యనక్కరలేదు, రాయిని ముట్టుకోకుండా వదిలేస్తే చాలు. ఒకసారి కొట్టినాక మాత్రం ఆ చోటు మళ్ళీ నల్లబడదు.

నేను ఈ పనిలోకి వచ్చాక నాయనకూ నాకూ మధ్య ఒక పద్ధతి కుదిరింది. బొమ్మలోని రంగులన్నిటినీ ఏడింటికి కుదించి, ఒక్కో షేపు మీద ఒక నంబరు వేసి ప్రింటు పంపేదాన్ని. సున్నా అంటే రాయి వదిలెయ్. ఒకటి అంటే పలచగా చుక్కలు. ఆరు అంటే పూర్తి తెలుపు, కంట్లో మెరుపు లాంటి చోట్లకు. నాయన ఒక అట్టముక్కకు రెండంగుళాల కిటికీ కోసి పెట్టుకున్నాడు. ఆ అట్టను ప్రింటు మీద పెట్టి, కిటికీలో కనపడినంత వరకే చూసి, అంత వరకే రాయి మీద కొట్టేవాడు. మొహం మొత్తంగా ఎప్పుడూ చూసేవాడు కాదు. "మొహం సూస్తే చెయ్యి సొంత తెలివి సూపిస్తాది మ్మా. నంబరు సూస్తే నంబరే కొడ్తాది" అనేవాడు. కస్టమర్లు తెల్లగా కావాలన్నప్పుడల్లా నేను నంబర్లన్నీ రెండేసి పెంచి పంపేదాన్ని. మా షాపులో దానికి 'రెండు లేపడం' అని పేరు. రెండు లేపని మొహం ఈ పన్నెండేళ్ళలో ఒక్కటీ పంపలేదు.

మా అమ్మ కృపావతి నలుపు. మామూలు నలుపు కాదు, వాళ్ళ ఊరు దొర్నిపాడు రేగడి నేల వాన పడినాక ఎట్లా ఉంటుందో అంత నలుపు. బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. ఎడమ కనుబొమ్మ మీద ఆమెకో మచ్చ ఉండేది. పెండ్లయిన ఏడాదే, నాయనకు సద్ది తీసుకుని శిల్పశాలకు పోతే, ఆయన ఉలి కింది నుంచి ఎగిరిన రాతిపెళ్ళ వచ్చి అక్కడ తగిలింది. నల్లటి మొహంలో ఆ ఒక్క చోటు తెల్లగా మిగిలిపోయింది. అమ్మ దాని గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు. నాయన మాత్రం ఆమెతో మాట్లాడినప్పుడల్లా కళ్ళలోకి కాకుండా ఆ మచ్చ వైపు చూసి మాట్లాడేవాడు. ముప్పై నాలుగేళ్ళు అట్లాగే మాట్లాడాడు. చిన్నప్పుడు నేనూ మా డేవిడ్ అన్నా అది చూసి నవ్వుకునేవాళ్ళం.

పోయిన జనవరిలో అమ్మ చనిపోయింది. జ్వరమని పడుకుంది, నాలుగో రోజు లేవలేదు. ఆ వేసవిలోనే నాయన కళ్ళ సంగతి బయటపడింది. నీటికాసులు. ఎడమ కన్ను అప్పటికే పోయిందని, కుడి కంటికి గొట్టంలోంచి చూసినంత చూపే మిగిలిందని, అది కూడా ఏడాది తిరక్కముందే పోతుందని నంద్యాలలో డాక్టరు చెప్పాడు. పోయిన చూపు ఏ ఆపరేషను చేసినా తిరిగి రాదట. ఆళ్ళగడ్డ బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు.

"మీయమ్మ రాయి నేనే కొడ్తా పాపా" అన్నాడు శిరివెళ్ళ దాటినాక. "నవంబరులో సమాధుల పండగకు నిలబెట్టాల. నువ్వు బొమ్మ చేసియ్యి."

"కన్నుకు పని పెట్టొద్దని చెప్పినాడు గదా డాక్టరు."

"ఎట్లయినా పోయే కన్నే గదా. పోయేలోపల ఆమెను ఒకసారి పూర్తిగా సూసుకోవాల. ముక్క ముక్క సూసుకుంటా కొట్టుకుంటా పోతే నా లోపల కూర్చుంటాది. తర్వాత సీకట్లో ఉన్నా ఆ మొహం నాకుంటాది."

ఆయనకు కావలసింది అంతే. చూపు పోయినాక వెంట ఉంచుకోవడానికి ఒక మొహం. దాన్ని తయారు చేసి ఇవ్వాల్సినదాన్ని నేను.

అమ్మకు ఫోటో దిగడమంటే మహా చిరాకు. ఎవరైనా ఫోను ఎత్తితే కొంగు అడ్డం పెట్టుకుని పొయ్యి వైపు తిరిగేది. వెతగ్గా వెతగ్గా, బడిలో ఆగస్టు పదిహేను నాడు హెడ్మాస్టరు తీసిన ఫోటో ఒకటి దొరికింది. జెండాలు పట్టుకున్న పిల్లల వెనక, గరిటె చేత్తో, ఎవరినో కేకలు వెయ్యబోతున్నట్టు నిలబడి ఉంది. వాట్సాప్‌లో నలుగురి చేతులు మారి వచ్చిన ఫోటో. అందులో అమ్మ మొహం నా చిటికెనవేలి గోరంత.

దాని మీద పద్దెనిమిది రోజులు కూర్చున్నాను. షాపు పని అయ్యాక రోజూ గంటన్నర. కుడి చెవి కొంగులో దాగి ఉంది, అద్దంలో నా చెవి చూసి పెట్టాను. పెదవుల దగ్గర ఏమీ తెలియకపోతే, అమ్మ తిట్టేటప్పుడు పెదవి ఎటు వంగేదో గుర్తు చేసుకుని కట్టాను. కనుబొమ్మ మీది మచ్చను ఎంత దగ్గరికి లాగి చూసినా నాలుగు తెల్ల చుక్కలు తప్ప ఏమీ లేదు. వాటి చుట్టూ పదకొండు చుక్కలు పెట్టి, కొడవలి వంపులో ఒక షేపు కట్టాను. కంప్యూటరులో ఆ షేపు ఉన్న పొరకు 'రాయి' అని పేరు పెట్టాను.

చివరి రోజు అడుగున ఫోటో తీసేశాను. అమ్మ నా వైపు చూసింది. ఏం చూస్తున్నావే, తిన్నావా లేదా, అన్నట్టే చూసింది. నేను ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. గర్వంగా కూడా ఉంది, అబద్ధమెందుకు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఒక మనిషిని మనిషిలాగా చేశాను. నంబర్లు వేశాను. చెంపలకు సున్నా, ఒకటి. నుదుటికి రెండు. మచ్చ ఒక్కదానికి అయిదు. ప్రింటు తీసి ఆరబెడితే ఉమాశంకర్ అన్న చూసి, "ఎవరు మ్మా ఈమె, నెగటివ్ మాదిరి ఉంది?" అన్నాడు.

"మా అమ్మ అన్నా."

ఆయన ముందుకు పోయి మిషను దగ్గర నిలబడ్డాడు.

మరుసటి రోజు మా డేవిడ్ అన్న వచ్చాడు. నందికొట్కూరులో టీచరు. ప్రింటు తీసుకుని ఆళ్ళగడ్డలో నాయనకు ఇచ్చే పని వాడిది. చుట్ట విప్పి టేబులు మీద పరిచాడు. చాలాసేపు చూశాడు.

"ఇదేందీ?"

"అమ్మ."

"అమ్మ అని నాకూ తెలుసు. ఇంత నల్లగా ఏందీ అని అడుగుతాండా."

"అమ్మ నలుపే గదా అన్నా."

"ఇది నల్లరాయి మీద కొడితే ఏం కనపడ్తాది? రెండు కండ్లు, ఒక మచ్చ. పండగనాడు చర్చి సంఘమంతా వస్తాది. దయ్యం మాదిరి ఉందంటారు."

"ఎవరేమంటే నాకేం? నాయనకు అమ్మ కావాల. వచ్చేవాళ్ళ కోసం చేయడం లేదు నేను."

అన్న గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను గెలిచేదాన్ని.

"పన్నెండేండ్ల నుంచి ఎవరెవరి అమ్మలకో రెండు లేపినావు. మెడల్లో గొలుసులు పెట్టినావు. పట్టుచీరలు కట్టినావు. మన అమ్మ కాడికి వచ్చేసరికి నీకు నిజం గుర్తొచ్చిందా? బతికినన్ని దినాలూ నల్లామె, బొగ్గామె అని పిలిపించుకునె. నేను ఇస్కూల్లో ఆ మాటకు ఎన్ని కొట్లాటలు పెట్టుకున్నానో నీకు తెలుసు. చచ్చినాకన్నా ఒక దినం బాగుండనీ లూదియా. మనమ్మ ఆ మాత్రానికి కూడా పనికి రాదా?"

ఊరందరికీ పంచిపెట్టింది మా అమ్మకు ఎందుకు ఇవ్వనో నాకే తెలియలేదు. నేను కూడా నల్లదాన్నే. పౌడరు డబ్బా నా సంచిలో కూడా ఉంటుంది. అన్న కళ్ళు తడిగా ఉన్నాయి, అది నటన కాదు. వాడి మీద నెపం వేసి చేతులు దులుపుకోవడం నాకు చాలా సులభం, ఇన్నాళ్ళూ వేశాను కూడా. కానీ మౌసు పట్టుకున్నది నేను.

షేపులన్నీ ఒకేసారి పట్టుకుని రెండు లేపాను. మెడలో సన్న గొలుసు పెట్టాను, పాత ఫైలులోంచి ఎవరిదో తీసి. ప్రతి పొర పక్కనా ఒక చిన్న కన్ను గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే ఆ పొర కనపడకుండా పోతుంది. 'రాయి' పక్కన ఉన్న కన్నును నొక్కాను. పద్దెనిమిది రోజుల పని మూడు నిమిషాల్లో వేరే ఎవరో అయిపోయింది.

"ఇప్పుడు సూడు" అన్నాడు అన్న. "మహారాణి మాదిరి ఉంది."

వాడు ఆ ప్రింటు తీసుకుపోయాడు. మొదటిదాన్ని నేను చుట్ట చుట్టి బీరువా వెనక పెట్టాను. నాయన మొదటి ముక్క దగ్గరే నంబర్లు చూసి కనిపెట్టేస్తాడని, ఫోను చేసి తిడతాడని, అప్పుడు అసలుది పంపుతానని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పే పనిని సగం చూపు కూడా లేని మనిషి నెత్తిన పెట్టి, నేను హాయిగా కూర్చున్నాను.

ఆయన ఫోను చేశాడు. చెయ్యలేదని అనడానికి లేదు. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, షాపు నిండా వినాయక చవితి ఫ్లెక్సీల జనం ఉన్నప్పుడు.

"పాపా, ఎడమ కనుబొమ్మ కాడికి వచ్చినా. ఈ ముక్కలో అన్నీ నాలుగులూ అయిదులే ఉండాయి. ఆడ ఏమన్నా వదిలేసినావా?"

మౌసు వదిలేసి ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"రెండు దినాల నుంచి ఆడనే నిలబడిపోయినా మ్మా. సూది పెట్టబుద్ధి కాలే. సరిగ్గా సూసి చెప్పు."

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆపు నాయనా, ఇంకో ప్రింటు వస్తుంది అంటే చాలు. ఆ రాయి పక్కన పడేసి కొత్త రాయి మొదలుపెట్టేవాడు, ఇంకా నెలన్నర ఉంది. కానీ ఆ మాట చెప్పాలంటే ముందు నేను చేసింది చెప్పాలి. నా భుజం మీదుగా ఎవరో కుర్రాళ్ళు వాళ్ళ ఫ్లెక్సీలో మొహాలు ఇంకా తెల్లగా రావాలని అడుగుతున్నారు. ఉమాశంకర్ అన్న తొందర పెడుతున్నాడు. అవన్నీ సాకులు. నాకు సిగ్గేసింది, అంతే.

"నంబరు ఉన్నట్టు కొట్టు నాయనా" అన్నాను.

"సరే మ్మా" అని ఫోను పెట్టేశాడు.

సమాధుల పండగ నాటికి ఆళ్ళగడ్డ సమాధుల తోటలో ప్రతి సమాధికీ సున్నం పడింది. బంతిపూలు, చామంతిపూలు, కొవ్వొత్తుల పెట్టెలు. సాయంత్రం పాట పాడి, ప్రార్థన చేసి, పాస్టరు గారు రాయి మీది తెల్లగుడ్డ తీశారు. అందరూ ఒక్కసారిగా "అబ్బ" అన్నారు.

పని అంత బాగుంది. ఒక్క చుక్క కూడా దారి తప్పలేదు. నున్నటి నుదురు, నిండు చెంపలు, మెడలో గొలుసు. 'ప్రభువునందు నిద్రించిన కృపావతి' అని కింద రాసి ఉంది. ఆమె ఎవరో నాకు తెలియదు. ఎక్కడో చూసినట్టు మాత్రం ఉంది, శ్రీనివాస సెంటర్‌లో స్తంభాల మీద చూసి ఉంటాను. బడిలో అమ్మతో పాటు వండిన ఆమె రాయిని చూసి, నన్ను చూసి, "మీ నాయన పని బాగా చేసినాడు" అంది. బొమ్మ బాగుందని అనలేదు. డేవిడ్ అన్న అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి సంఘం గ్రూపులో పెట్టాడు. దండం ఎమోజీలు వరసగా వచ్చి పడ్డాయి.

జనం తమ తమ సమాధుల వైపు సర్దుకున్నాక నాయన రాయి పక్కన కూలబడ్డాడు. అప్పటికి ఆయనకు వెలుగూ చీకటీ తేడా మాత్రమే తెలుస్తోంది. రాయి అయిపోయిన వారానికే కుడి కన్ను కూడా పోయింది. చేత్తో బొమ్మను తడుముతున్నాడు. వదిలేసిన రాయి వేళ్ళకు నున్నగా తగులుతుంది, కొట్టిన చోటు గరుకుగా. ఆయన వేళ్ళు చెంప మీద తిరిగి తిరిగి నున్నటి చోటు కోసం వెతుకుతున్నాయి.

"పాపా, ఎవరన్నా ఉండారా దగ్గర?"

"ఎవరూ లేరు నాయనా."

"ఆ దినం రాతిపెళ్ళ తగిలింది ఎడమ పక్కే గదా?"

ఆయన వేలు వచ్చి ఆ కనుబొమ్మ మీద ఆగింది.

"మచ్చ కోసం ఎతికినా ఈడ. లేకపాయ. నిన్ను అడిగితే నంబరు ఉన్నట్టు కొట్టమంటివి. నువ్వు ఫోటో ముందర పెట్టుకుని చేసినదానివి. నేనే మర్సిపోయినా అనుకున్యా. ముప్పై ఏండ్లు అయింది గదా, మానిపోయిండొచ్చు, నేనే సరిగ్గా సూడక ఇంకా ఉంది ఉంది అనుకుంటాంటినేమో అనుకున్యా. మీయమ్మ ఇంత తెలుపు కాదే అనిపించె. అది కూడా కండ్లు పోయే మనిషిని, నాకు రంగులు యాడ తెలుస్తాయిలే అనుకున్యా. అట్ల నాకు నేనే సెప్పుకుని కొట్టేసినా."

ఆయన తిట్టడం లేదు. వేరెవరి మీదో కాదు, తన మీద తనే అనుమానపడి, ఆ అనుమానాన్ని రాతిలో కొట్టాడు.

"ఇప్పుడు కండ్లు మూసినా తెరిసినా ఈ రాయి మీదామే వస్తాంది పాపా. పాతామె రాడం ల్యా."

"మచ్చ ఉండె నాయనా" అన్నాను. "ఉండె. నేనే తీసేసినా. తెలుపు కూడా నేనే లేపినా. అమ్మ నలుపే."

ఆయన చెయ్యి రాయి మీదే ఉండిపోయింది. ఏదో ఒకటి అంటే బాగుండు, ఒక దెబ్బ వేసినా బాగుండు అనిపించింది. పక్క సమాధి దగ్గర ఎవరో కొవ్వొత్తికి గాలి తగలకుండా చేతులు అడ్డం పెట్టి వెలిగిస్తున్నారు.

"ఇప్పుడు పెట్టలేమా నాయనా? నేను సూది పట్టుకుంటా. నువ్వు చెప్పు, నేను కొడ్తా."

"సుట్టూ తెల్లగా కొట్టేసినాక తెల్ల మచ్చ యాడ పెడ్తావ్ మ్మా? ఆడ నలుపే మిగల్లే గదా."

నాయన అరచేత్తో ఆ కనుబొమ్మను కప్పేశాడు.

"పోనీ, అది ఎట్లుండెనో సెప్పు. అదన్నా గుర్తు పెట్టుకుంటా."

నేను కళ్ళు మూసుకున్నాను. అమ్మ వస్తుందనుకున్నాను. పదకొండు చుక్కలున్న షేపు వచ్చింది.

"కొడవలి మాదిరి కొంచెం వంపు తిరిగి ఉండె నాయనా."

"వంపా?" ఆయన తల ఎత్తాడు. "నిలువుగా గదా ఉండె. బియ్యపుగింజను నిలబెట్టినట్టు."

అంతలోనే ఆ తల మళ్ళీ దించుకున్నాడు.

"లే, నువ్వు సెప్పిందే కరెక్టేమో. నువ్వు ఫోటో సూసినదానివి."

ఫోను తీసి హెడ్మాస్టరు పంపిన ఆ ఫోటో తెరిచాను. వేళ్ళతో లాగి లాగి పెద్దది చేశాను. పిల్లలు పోయారు, జెండాలు పోయాయి, గరిటె పోయింది. నల్లటి గళ్ళ మధ్య నాలుగు తెల్ల గళ్ళు మిగిలాయి. అందులో వంపు లేదు, నిలువూ లేదు. ఆ వంపు నేను పెట్టిందే, కనుబొమ్మ పక్కన చూడ్డానికి బాగుంటుందని. నేను అంత గర్వపడిన ఆ మొదటి బొమ్మలో కూడా ఆ మచ్చ అమ్మది కాదు. నేను చూసింది నాలుగు చుక్కలు, ఆయన చూసింది ముప్పై నాలుగేళ్ళు.

"నిలువుగానే నాయనా" అన్నాను. "నేనే తప్పు చెప్పినా. నువ్వు చెప్పినట్టే, బియ్యపుగింజ మాదిరే ఉండె."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఊరికే నా కోసం సెప్పాకు మ్మా."

"లేదు నాయనా, నిజంగానే. నమ్ము నాయనా."

నాయన రాయి మీది నుంచి చెయ్యి తీసేసి, నా భుజం కోసం గాలిలో తడుముకుంటూ లేచాడు.

"సరే మ్మా" అన్నాడు, ఆ రోజు ఫోనులో అన్నట్టే.